భాయ్ వేసిన ముడి

మొన్న చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వస్తూ ఫోనులో ఏదో ఈ-బుక్కు చదువుకుంటున్నాను. పూతలపట్టు దాటాక ఒక అధ్యాయం అయిపోయింది. పేజీ తిప్పితే తెల్లగా వచ్చింది. ఫోను ఆగిపోయిందేమోనని రెండుసార్లు తట్టాను. మళ్ళీ తెలుపే. ఇంకోసారి తిప్పితే అప్పుడు తర్వాతి అధ్యాయం మొదలైంది. చేసినవాళ్ళెవరో తెలియక ఖాళీ పేజీలు వదిలేశారు. నేను ఒక్కదాన్నే నవ్వుతుంటే పక్కసీటావిడ వింతగా చూసింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. భాయ్ గుర్తొచ్చారు.

ఆయనకో పేరుంది. దుకాణం బోర్డు మీద ఎర్రరంగుతో రాసి కూడా ఉండేది. ఆ పేరుతో పిలిచినవాళ్ళను మాత్రం నేను చూడలేదు. యూనివర్సిటీ వైపు పోయే రోడ్డు పక్క సందులో, జిరాక్సు షాపుకూ టిఫిను బండికీ మధ్య పదడుగుల గదిలో కూర్చుని పుస్తకాలు కుట్టేవారు. రీసెర్చి పిల్లలకూ, రికార్డులు రాసుకునే నర్సింగు పిల్లలకూ, పాత ఖురాను పట్టుకుని వచ్చే పెద్దమనుషులకూ అందరికీ ఆయన భాయే. నా పీహెచ్‌డీ పుస్తకానికి నల్ల రెక్సిను అట్ట వేసి బంగారు అక్షరాలు కొట్టింది కూడా ఆయనే. ఆ చదువుతో నేను ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని మాత్రమే అయ్యాను గానీ, అక్షరాలు మాత్రం ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

భాయ్ పుస్తకాన్ని చేతిలోకి తీసుకునే పద్ధతే వేరు. అట్ట చూడరు, పేరు చూడరు. ముందు కుట్టు ఉండే పక్క, వీపు చూస్తారు. అరచేత్తో పైనుంచి కిందికి ఒకసారి నిమురుతారు. తర్వాత సరిగ్గా మధ్యకు తెరిచి బల్ల మీద పెట్టి చేయి తీసేస్తారు. పుస్తకం అలాగే ఉంటే తల ఊపుతారు. దానంతటది మూసుకుపోయిందా, నాలుక చప్పరిస్తారు.

"తెరిస్తే పడుకోవాల మ్మా పుస్తకం. మనం పట్టుకోని ఉంటేనే తెరుచుకోనుంటాను అనేది పుస్తకమా? దానికి మనం చాకిరీ చేస్తా ఉండాల."

నా పీహెచ్‌డీ పుస్తకం పడుకోదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందరూ గైడు సంతకానికి ముందురోజు పరుగెత్తుకొచ్చి సాయంత్రానికే కావాలంటారు, సాయంత్రానికి అయ్యేది జిగురు పనే. ఆయన అసలు పని వేరే. పదహారు పేజీల మడతను జుజ్ అనేవారు. ఒక్కొక్క జుజ్‌నీ మడత మధ్యలో సూదితో కుట్టి, దాన్ని కింది జుజ్‌కు ముడేసి, దానిమీద ఇంకొకటి పెట్టి, అలా పుస్తకమంతా పేర్చుకుంటూ పోవాలి. ఒక్క పుస్తకానికి రెండు రోజులు పట్టేది. కుట్టేటప్పుడు మైనం రాసిన దారం పంటికింద పెట్టుకుని ఉండేవారు కాబట్టి ఏమడిగినా "ఊఁ" అనే సమాధానం.

ముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం భాయ్ వీపు తిప్పేసేవారు. దుకాణంలో ఎవరున్నా సరే, స్టూలు మీదే గోడవైపు తిరిగి, భుజాలు కాస్త ముడుచుకుని ముడేసి, మళ్ళీ ఇటు తిరిగేవారు. మొదట్లో నాకు కోపం వచ్చేది, మాట్లాడుతున్న మనిషికి వీపు చూపించడమేమిటని. తర్వాత తెలిసింది. వేలూరులో ఈయన పని నేర్చుకున్న ఉస్తాద్ అలాగే చేసేవాడట. మూడేళ్ళు జిగురు కాయించుకుని, కాగితాలు మడిపించుకుని, ఒక శుక్రవారం నమాజు అయ్యాక ఈయన చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఆ ముడి నేర్పించాడట.

"మామూలు ముడేస్తే దారం పోనుపోను కాగితాన్ని కోస్తాది మ్మా. మా ఉస్తాద్ ముడి కొయ్యదు, వదలదు. ఆయనకు ఆయన ఉస్తాద్ ఇచ్చినాడు."

ఎట్లా వేస్తారని అడిగితే "టీ తాగుతావా మ్మా?" అనేవారు.

అటువంటి మనిషి ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చారు. చంకలో పొడుగాటి నోటుబుక్కు. ఆయనే కుట్టుకున్నదని చూడగానే తెలుస్తుంది. కుర్చీలో కూర్చోకముందే అడిగారు.

"నువ్వేదో ఫోన్లో పుస్తకం వేసినావంట గదా మ్మా."

"ఈ-బుక్కు భాయ్. నా కథలు. కంప్యూటర్లో నేనే చేసుకుంటి."

"అచ్చాఫీసు లేకుండానే?"

"లేకుండానే."

"కుట్టు?"

"కుట్టు లేదు, జిగురూ లేదు."

ఆయన నోటుబుక్కు బల్ల మీద తెరిచి పెట్టారు. అది చక్కగా పడుకుంది. నలభై యాభై పేజీల నిండా ఆయన దస్తూరి. కాగితం ఎట్లా మడవాలి, జిగురు ఎట్లా కాచాలి, చెదలు పట్టకుండా అందులో మైలుతుత్తం ఎంత వెయ్యాలి, దారానికి మైనం ఎట్లా పట్టించాలి. అక్కడక్కడా ఉర్దూ మాటలు, పక్కనే తెలుగులో వాటి అర్థం.

"యూనివర్సిటీలో ఇప్పుడు సాఫ్ట్ కాపీ చాలంటా ఉండారు. నా దగ్గర పనికి చేరినోళ్ళంతా పోయినారు. ఒకడు లాడ్జిలో ఉండాడు, ఒకడు ఆటో తోల్తా ఉండాడు. వాళ్ళది తప్పని నేననను. కానీ ఈ పని నాతోనే పోతాదని తల్చుకుంటే అన్నం దిగడంలా మ్మా. రేపు ఆడికి పోతే ఉస్తాద్ అడగడా, ఎవురికి ఇచ్చి వచ్చినావురా అని? నాకు ఒక్కరు చాలు. యాడో ఒకచోట ఒక్కరు చదివి, ఒక్క పుస్తకం కుడితే చాలు." నోటుబుక్కు నావైపు జరిపి అన్నారు: "నువ్వు చేసి ఇయ్యొద్దు. నాకు నేర్పు."

నేను ఓపికగల మనిషిని కాను. మా కాలేజీ పిల్లలను అడిగినా చెప్తారు. అయినా ఎందుకో సరేనన్నాను. అలా మా ఆదివారాలు మొదలయ్యాయి.

పక్క జిరాక్సు షాపులో కూర్చుని రెండు వేళ్ళతో నెల రోజులు టైపు కొట్టి ఫైలు తెచ్చారు. తెరిచి చూస్తే, ప్రతి వరుస చివరా ఎంటర్ కొట్టి ఉంది. ప్రతి పేజీ అడుగునా పేజీ సంఖ్య చేత్తో టైపు చేసి ఉంది. దాన్ని ఫోనులోకి ఎక్కించి చూపించాను. వరుసలన్నీ ఎక్కడపడితే అక్కడ విరిగిపోయి, వాక్యాల మధ్యలోకి అంకెలు వచ్చి కూర్చున్నాయి. 'జిగురు చల్లారాక చిటికెడు 14 మైలుతుత్తం కలపాలి' అని చదివి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పద్నాలుగు చిటికెలు వేస్తే మనిషే పోతాడు మ్మా."

అవన్నీ తీసేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. తర్వాత ఇంకొకటి కనిపెట్టాను. ఒక పేజీకి ఎడమ పక్క, దాని తర్వాతి పేజీకి కుడి పక్క, అంగుళం అంగుళం జాగా వదిలారు.

"ఇదెందుకు భాయ్?"

"కుట్టుకు."

"దీనికి కుట్టు లేదు గదా."

"లేకపోతే ఏం మ్మా, జాగా వదలడం మన ధర్మం. రేపు ఎవురన్నా కుట్టుకోవాలనుకుంటే?"

అంతటితో అయిపోలేదు. పుస్తకం నలభై ఐదు పేజీలు వచ్చిందని చివర మూడు తెల్ల పేజీలు కలిపారు, పదహారు మూళ్ళు నలభై ఎనిమిది కావాలని. అవి కాక మొదట్లో రెండు తెల్ల పేజీలు. ఎందుకని అడిగితే, "అవి కాపలా మ్మా. దెబ్బ తగిలితే ముందు వాటికి తగలాల" అన్నారు. నాకు విసుగు వచ్చేసింది.

"భాయ్, దీనికి అసలు పేజీలే లేవు. చదివేవాళ్ళు అక్షరాలు పెద్దవి చేసుకుంటే వంద పేజీలవుతాది. చిన్నవి చేసుకుంటే ముప్ఫై. మీరు లెక్కపెట్టి లాభం లేదు."

"చదివేవాళ్ళు మార్చుకుంటారా?"

"మార్చుకుంటారు."

ఆయన ఫోను తీసుకుని అక్షరాలు పెద్దవి చేశారు, చిన్నవి చేశారు, మళ్ళీ పెద్దవి చేశారు. "ఇవి నీళ్ళు మ్మా. యాడ పోస్తే ఆడికి ఒదుగుతా ఉండాయి" అని ఫోను బల్ల మీద పెట్టేశారు. ఆ రోజు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. వచ్చే ఆదివారం ఇక రారనుకున్నాను, నిజం చెప్పాలంటే కాస్త హాయిగానే అనిపించింది. పది గంటలకల్లా గేటు చప్పుడైంది.

ఆయనకు మొదటి చూపులోనే నచ్చింది ఒక్కటే. అధ్యాయాల పేర్లకు శీర్షిక స్టైలు పెట్టడం నేర్పి, విషయసూచిక తయారు చేయించాను. ఫోనులో 'జిగురు కాచడం' అన్న మాట మీద వేలు పెట్టగానే ఆ అధ్యాయం వచ్చేసింది. భాయ్ ముఖం అంతగా విప్పారడం నేనెప్పుడూ చూడలేదు. వెనక్కి పోయి ఇంకోటి నొక్కారు. ఇంకోటి. అలా పావుగంట సేపు ఆడుకున్నారు. "మా ఉస్తాద్ ఇది చూసుంటే పని మానేసి దీంతోనే కూర్చునేవాడు" అన్నారు.

మూడో అధ్యాయం ముడి గురించి. అందులో రాసింది నాలుగే వరుసలు. దారాన్ని కింది జుజ్ దగ్గరికి తెచ్చి, బిగువు పోకుండా పట్టుకుని, బొమ్మలో చూపినట్టు ముడి వేయాలి. ఇంతేనా భాయ్ అంటే, "అది రాస్తే వచ్చేది కాదు మ్మా, సూస్తే వచ్చేది. నువ్వొకసారి దుకాణానికి రా, ఫోటో తియ్యి" అన్నారు.

వెళ్ళాను. ఆ రోజు మధ్యాహ్నం నాకు పేపర్లు దిద్దే డ్యూటీ ఉంది, మధ్యలో గంట దొరికితే ఆటో పట్టుకుని వెళ్ళాను. భాయ్ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే లేచి షట్టరు సగానికి దించారు. లోపల చీకటైపోయింది. వెలుతురు చాలదు భాయ్ అన్నాను. ఆయన కాసేపు షట్టరు పట్టుకుని అలాగే నిలబడి, మళ్ళీ పైకెత్తేశారు. స్టూలు మీద కూర్చుని, నాకు ఎదురుగా తిరిగారు.

"ఎవురి ముందరా వెయ్యలే మ్మా" అన్నారు. "మా ఇంటామె కూడా సూడలే."

మూడుసార్లు వేశారు. నేను పదకొండు ఫోటోలు తీశాను. కాస్త వెలుతురు వైపు జరగమన్నాను. తల అడ్డం వస్తోందన్నాను. దారం మరీ తెల్లగా మెరుస్తోందని ఇంకోసారి వేయమన్నాను. ప్రతిసారీ ముడి బిగించి తలెత్తి, "పడిందా మ్మా?" అని అడిగారు. పడింది భాయ్, అని చెప్పాను. ఫోటోలు పెద్దవి చేసి చూసుకున్నాను కూడా. ఎక్కడా మసక లేదు, గోటి మీద గీతలతో సహా స్పష్టంగా వచ్చాయి. టీ తాగి పొమ్మంటే టైము లేదని చెప్పి ఆటో ఎక్కాను.

వాటిలో బాగా కుదిరిందని నాకు తోచిన ఒక ఫోటోను మూడో అధ్యాయంలో పెట్టించాను. ఆయనే పెట్టారు, నేను ఎక్కడ నొక్కాలో చెప్పానంతే. పుస్తకాన్ని ఉచితంగా దించుకునే ఒక సైటులో పెట్టాము. సంప్రదించడానికి నా మెయిలు ఇచ్చాము, ఆయనకు మెయిలు లేదు కాబట్టి. ఎక్కించే బటను నొక్కే ముందు ఆయన 'బిస్మిల్లా' అన్నారు.

ఎంతమంది దించుకున్నారో సైటు చూపిస్తుంది. అది చూపించకుండా ఉంటే ఎంత బాగుండేదో. మొదట దించుకున్నది నేను. రెండోది ఆయన. ఆ తర్వాత వారాల తరబడి ఏమీ లేదు. ఆదివారం రాగానే భాయ్ చెప్పులు వదులుతూనే "ఎవురన్నా మ్మా?" అనేవారు. లేదనేదాన్ని. "లేదా" అని కూర్చుని టీ తాగి వెళ్ళేవారు.

నేర్చుకోవలసింది ఏమీ మిగల్లేదు, అయినా వచ్చేవారు. నాకు ఆ రోజుల్లో జాలి కన్నా విసుగే ఎక్కువగా ఉండింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

చివరికి మూడో మనిషి వచ్చాడు. దించుకున్నాడు, అభిప్రాయం కూడా రాశాడు: 'ఫైలు పాడైనట్టుంది, తెరవగానే ఖాళీ పేజీలు వస్తున్నాయి, తీసేశాను.' మొదట్లో రెండు తెల్ల పేజీలు ఆయన మాట కాదనలేక నేనే ఉంచనిచ్చాను. భాయ్ ఆ రెండు వరుసలూ వేలు పెట్టుకుని చదివారు. తప్పు నాదే భాయ్, నేనే తీసేస్తాను అని లాప్‌టాప్ నావైపు తిప్పుకోబోయాను. "ఉండు మ్మా, నేను తీస్తా" అన్నారు. మొదటి పేజీకి పోయి, ఒక్కొక్కటిగా రెండూ తీసేసి, సేవ్ చేసి, మళ్ళీ సైటులో ఎక్కించారు. నా సాయం లేకుండా ఆయన మొదటి నుంచి చివరిదాకా చేసిన పని అదొక్కటే.

ఆ తర్వాత రావడం తగ్గింది. వచ్చినా అడగడం మానేశారు. పోయిన వేసవిలో షుగరు ముదిరి కాలికి పుండు పడిందని, ఆసుపత్రిలో ఉన్నారని తెలిసి చూడడానికి వెళ్ళాను. ముఖం సగమైపోయింది. నన్ను చూసి మంచం పక్కనున్న కేసుషీట్ల ఫైలు చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూపించారు. "ఇది నాలుగు రోజులకు ఊడిపోతాది. నేను ఉంటానో, ఇది ఉంటాదో" అని నవ్వారు. వాళ్ళ ఇంటావిడ నేను తెచ్చిన పళ్ళు కడుక్కురావడానికి బయటికి వెళ్ళినప్పుడు మెల్లగా అడిగారు.

"ఎవురన్నా మ్మా?"

"ఇంకా లేదు భాయ్."

"సరేలే మ్మా" అని అటు తిరిగి పడుకున్నారు.

ఆయన పోయిన సంగతి నాకు ఐదు రోజుల తర్వాత జిరాక్సు షాపాయన చెప్తే తెలిసింది. ఇంటికి వెళ్తే వాళ్ళ ఇంటావిడ లోపలి గదిలో నుంచే మాట్లాడింది. సూదులు టైలరుకు ఇచ్చేసిందట, ఇనప ప్రెస్సును పాత సామాన్లవాడు తీసుకుపోయాడట. దుకాణంలో ఇప్పుడు ఫోను కవర్లు అమ్ముతున్నారు.

రెండు నెలలకు నాకొక మెయిలు వచ్చింది. పలమనేరు నుంచి ఒక అమ్మాయి. చేత్తో నోటుబుక్కులు చేసి అమ్ముకోవాలని ఆమె ప్రయత్నమట. భాయ్ పుస్తకం దొరికిందని, రాసింది రాసినట్టు చేస్తూ వచ్చానని, జిగురు బాగా కుదిరిందని, మడతలు వచ్చాయని రాసింది. 'మూడో అధ్యాయంలో ఆగిపోయినాను మేడం. ఫోటోలో ముడి కనిపించడం లేదు, ఆయన బొటనవేలు అడ్డం ఉండాది. ఇంకో ఫోటో ఉంటే పంపండి' అని, కింద తన ఫోను నంబరు ఇచ్చింది.

మెయిలు చదివి ఏడ్చాను. ఏడ్చాక లాప్‌టాప్ తెరిచి ఆ పదకొండు ఫోటోలూ తీశాను. మొదటిదాంట్లో బొటనవేలు. రెండోదాంట్లోనూ అదే. మధ్యలో నేను జరగమన్నాక తీసినవాటిలో వెలుతురు బాగుంది, ముడి పడే చోట మాత్రం చూపుడువేలు మడిచి ఉంది. చివరి మూడింటిలో అరచేయి మొత్తం గోపురంలా వంగి కప్పేసింది. పదకొండింటిలో ఒక్కదానిలో కూడా ముడి లేదు. చూపించాలనే కూర్చున్నారాయన, షట్టరు కూడా ఎత్తారు. నలభై ఏళ్ళు దాచిన చేతికి మాత్రం ఆ సంగతి తెలియలేదు. ఆయనకూ తెలియలేదు. చూసి చెప్పవలసినదాన్ని నేను, నేను మసక ఉందా లేదా అని మాత్రమే చూసుకున్నాను.

ఆయన కుట్టిన పాత ఖురాన్లు ఎవరి దగ్గరైనా ఉంటే చూద్దామని ఇద్దరు పెద్దమనుషులను అడిగాను. చూడనిచ్చారు. ముడి లోపల ఉంటుంది, వీపు కోస్తే గానీ కనపడదు. కోయమని నేను అడగలేను, అడిగినా వాళ్ళు ఒప్పుకోరు. వేలూరులో ఉస్తాద్ దుకాణం లేక ఎన్నో ఏళ్ళయిందని వాళ్ళే చెప్పారు.

ఇంకో ఫోటో లేదమ్మా, ఆయన కూడా లేరు అని ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబు వచ్చింది.

'అయ్యో మేడం. ఫోటోలు తీసింది మీరేనని చివర రాసిండాది. మీ ముందరే వేసినాడు గదా. మీకు గుర్తున్నంత వరకు చెప్పండి, నేను తిప్పలు పడతాను.'

కాగితాలు రెండు కట్టలు మడిచాను. సూదీ దారం తెచ్చుకుని కూర్చున్నాను. మూడుసార్లు, నాకు మూరెడు దూరంలో, ఆయన ఇంకెవ్వరికీ చూపించని పని చేశారు. తెల్లచొక్కా మణికట్టు గుర్తుంది. నూనె వాసన గుర్తుంది. పడిందా మ్మా అన్న మాట గుర్తుంది. దారం ఎటు తిరిగిందో గుర్తులేదు. ఆ మూడుసార్లూ నేను చూస్తున్నది ఫోను తెరను.

'నేను చూడలేదమ్మా' అని రాశాను.

చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. తర్వాత జవాబు వచ్చింది.

'సరే మేడం. మామూలు ముడే వేసుకుంటాను.'